ఏప్రిల్ 6 మధ్యాహ్నం ఇవ్వండి: విశాఖ పుస్తకాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

విశాఖ పౌర గ్రంథాలయం వారికి, జిల్లా గ్రంథాలయ సంస్థ వారికి, ఊళ్ళో నెలనెలా సభలు పెట్టే సాహిత్య సంఘాల పెద్దలకి,

నమస్కారమండీ. నేను మీ సభల్లో వెనక వరుసలో, ఫ్యాన్ కింద కుర్చీ చూసుకుని కూర్చునే మనిషిని. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, రాత్రిళ్ళు కథలు రాస్తాను. మీలో కొందరికి నా ముఖం తెలుసు, పేరు గుర్తుండదు, పర్లేదు. మీకో ఉత్తరం రాయాలని రెండు వారాలుగా అనుకుంటూ, పిల్లల పేపర్లు దిద్దడంతో వాయిదా వేసుకుంటూ వచ్చి, ఇవాళ, 2025 డిసెంబరు ఆఖరి ఆదివారం, వంట మా ఆయనకి వదిలేసి కూర్చున్నాను. మిమ్మల్ని అడగాల్సింది ఒక్కటే: 1942లో మన ఊరి మీద జపాన్ బాంబులు పడ్డ ఏప్రిల్ 6న, అది చూసినవాళ్ళ మాటలు వినడానికి ఏటా ఒక మధ్యాహ్నం. అది ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మాత్రం నా ఈ ఏడాది లెక్కంతా చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి.

జనవరి ఒకటిన డైరీ మొదటి పేజీలో నాలుగు పనులు రాసుకున్నాను. కథల పుస్తకం తేవాలి. నవల మొదలుపెట్టాలి. ఆరో తరగతి పిల్లలకి లెక్కల్ని కథలుగా చెప్పే చిన్న పుస్తకం ఒకటి. ఒరియా నుంచి నాలుగైదు కథల అనువాదం (మా అమ్మమ్మ వాళ్ళది ఇచ్ఛాపురం, ఒరియా వింటే అర్థమవుతుంది, చదవడానికి మాత్రం కూడబలుక్కోవాలి). ఏటా ఇలాగే రాసుకుంటాను, ఏటా డిసెంబరులో ఆ పేజీ తీసి నాకు నేనే మార్కులు వేసుకుంటాను. మా స్కూల్లో పిల్లలకైతే ఈసారి వచ్చిన మార్కులకి తల్లిదండ్రుల్ని పిలిపించేదాన్ని.

కథల పుస్తకం వచ్చింది. పదకొండు కథలు, పది ఫారాలు, అంటే 160 పేజీలు, 500 కాపీలు. ప్రూఫులు నాలుగుసార్లు చూశాక కూడా అట్ట మీద నా ఇంటిపేరులో దీర్ఘం ఎగిరిపోయింది, ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది కట్టలు దింపడానికి వచ్చిన ఆటో అబ్బాయి. 500లో 130 పంచిపెట్టాను, 90 అమ్ముడయ్యాయి, మిగతా 280 మంచం కింద ఉన్నాయి, మొన్న మొంథా తుఫాను వానకి గదిలోకి తడి వస్తే పిల్లల్ని లేపినట్టు అర్ధరాత్రి లేచి అన్నిటినీ మంచం మీదకి ఎక్కించి మేం కింద పడుకున్నాం. అనువాదం ఒక కథతో ఆగింది. లెక్కల పుస్తకం భిన్నాల దాకా వచ్చి, భాగహారం దగ్గర నాకే విసుగు పుట్టింది.

ఇక నవల. జనవరిలో అనుకున్న నవల వేరు, ఇప్పుడు రాస్తున్నది వేరు. జనవరిలో అనుకున్నది స్టీల్ ప్లాంటు కోసం భూములు వదిలిన ఊళ్ళ గురించి, దానికి రెండు నోటు పుస్తకాల నిండా ముచ్చట్లు కూడా రాసిపెట్టుకున్నాను. మే నెలలో అది పక్కకి పోయింది. ఈ ఉత్తరం ఆ మే నెల గురించే.

ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్ళలో ఒకాయన మన ఊరివాడు. సరదాగా కశ్మీర్ చూడ్డానికి వెళ్ళిన మనిషి శవమై తిరిగొస్తే ఊరు ఊరంతా ఉడికిపోయింది, నేనూ ఉడికిపోయాను, ఇప్పటికీ దాని గురించి ఆలోచిస్తే కడుపులో మండుతుంది, ఆ మంట తప్పని నేననను. మే 7 తెల్లవారుజామున పాకిస్తాన్ మీద మన సైన్యం దాడి, ఆపరేషన్ సిందూర్. అదే రోజు దేశమంతా మాక్ డ్రిల్ అన్నారు, ఆ లిస్టులో మన విశాఖ ఉంది. మర్నాడు రాత్రి నేనొక కవిత రాశాను. కథకురాలిని, కవిత్వం నా పని కాదు, అయినా రాశాను. సముద్రం లేచి నిలబడుతుందని, సైరన్ కూత శత్రువుకి చావు పిలుపని, అలాంటివేవో. పది నిమిషాల్లో రాసిందానికి, పదేళ్ళుగా రాస్తున్న కథలకి రాని లైకులు ఒక్క రాత్రిలో వచ్చాయి. అబద్ధమెందుకు, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున, మనవాళ్ళు చాలామంది ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో (ఏ గ్రూపో వద్దు, తెలిసినవాళ్ళకి తెలుసు) ఆ కవిత కింద ఒక కుర్రాడు, "మేడమ్, నిజంగా పెద్ద యుద్ధమే వస్తే మొదట చూసేది మన నేవీ బేస్ వైపే కదా, మనం ఇంత హుషారుగా ఉన్నామేంటి" అని అడిగాడు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. అంతే, పదిమంది మీద పడ్డారు. దేశభక్తి లేదన్నారు, వయసుకి తగ్గట్టు మాట్లాడమన్నారు, ఒకాయన అతని ఉద్యోగం సంగతి కూడా ఎత్తాడు. అరగంటలో అడ్మిన్ అతన్ని గ్రూపులోంచి తీసేశారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని అంతా చూస్తూనే ఉన్నాను. అడిగింది నన్ను, జవాబు చెప్పాల్సింది నేను. చెప్పకపోగా, తీసేశాక ఎవరో చప్పట్ల బొమ్మ పెడితే దాని కింద నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. ఈ ఏడాది నేను చేసిన పనుల్లో డైరీలో రాయనిది అదొక్కటే, ఇక్కడ రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో కింద వాటాలో ఒక మామ్మ ఉంది. 89 ఏళ్ళు. మనవడి భార్య నా కవిత చదివి వినిపించిందట, సాయంత్రం కబురు పెట్టింది. పొగుడుతుందేమో అనుకుని చీర మార్చుకుని మరీ వెళ్ళాను.

"ఏటమ్మా, సైరన్ గురించి రాసేవంట. ఇన్నావేటి ఎప్పుడైనా?"

"మొన్న డ్రిల్లులో మోగించారుగా మామ్మా."

"డ్రిల్లు కాదమ్మా."

ఇంక నేను మాట్లాడలేదు, ఆవిడే మాట్లాడింది, రాత్రి తొమ్మిదింటి దాకా.

1942లో, ఊరి మీద జపాన్ వాళ్ళ బాంబులు పడ్డప్పుడు, ఆవిడకి ఆరేళ్ళు. ఇల్లు పాత ఊళ్ళో, కురుపాం మార్కెట్‌కి దగ్గర. నాన్న పోర్టులో కళాసీ. ఆ వేళ అమ్మ గంజి వారుస్తోందట. అప్పటికే సైరన్ అలవాటైపోయి ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. తర్వాత దబ్బుమని చప్పుడు, అటక మీంచి దుమ్ము రాలి వార్చిన అన్నంలో పడింది. మామ్మకి గుర్తున్న యుద్ధంలో మొదటిది అదే, అన్నంలో మట్టి. ఆ సాయంత్రానికి వీధి సగం ఖాళీ. ఎవరో దొరికించిన ఎడ్లబండి మీద వీళ్ళమ్మ, ముగ్గురు పిల్లలు, పక్కింటి ముసలాయన ఎక్కారు. నాన్న రాలేదు, డ్యూటీ. బండెక్కే ముందు వాళ్ళమ్మ లాంతరు గ్లాసు విప్పి ఈ పిల్ల చేతిలో పెట్టి, "పగిలిందో, నీ వీపు పగుల్తాది" అందట.

ఆ గ్లాసు పట్టుకుని ఆరేళ్ళ పిల్ల చోడవరం దాకా వెళ్ళింది. మొదటి రాత్రి పెందుర్తి దగ్గర చింతచెట్టు కింద, రెండో రాత్రి సబ్బవరం దాటాక ఎవరిదో కళ్ళంలో. నిద్రలో దొర్లితే పగులుతుందని గ్లాసుని గౌనులో చుట్టి పొట్ట మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుందట. మూత్రానికి వెళ్ళాలన్నా తమ్ముడి చేతిలో పెట్టకుండా వెంట పట్టుకెళ్ళేదట. చోడవరంలో మేనమామ గుమ్మంలో దిగాక, వాళ్ళమ్మ మూటలన్నీ విప్పి చూసుకుంటే లాంతరు లేదు. గోడకి మేకుకే ఉండిపోయింది, విశాఖపట్నంలో. గ్లాసు ఒక్కటే వచ్చింది.

"మాయమ్మ నవ్విందమ్మా," అంది మామ్మ. "ఆ రెండ్రోజుల్లో అప్పుడే నవ్వడం. నాకేమో ఏడుపొచ్చింది."

మూడు నెలలకి తిరిగొచ్చారు. ఇల్లు అలాగే ఉంది. నాన్న బాగానే ఉన్నాడు. "ఇంట్లో ఎవులూ సచ్చిపోలేదు కదా, మాది కతేటి, చెప్పుకోడానికి" అంది చివర్లో, లేచి మందులేసుకోబోతూ. నాకు అక్కడ పట్టుకుంది. చచ్చిపోయినవాళ్ళ లెక్క ప్రభుత్వం దగ్గర ఎక్కడో ఓ కాగితం మీద ఉంటుంది, గెలిచినవాళ్ళకి స్తూపం ఉంటుంది, గ్లాసు పట్టుకుని పరిగెత్తినవాళ్ళు ఎవరి లెక్కలోనూ లేరు. ఊరు ఊరంతా ఖాళీ అయి మళ్ళీ నిండిందే, ఆ సంగతి మనం చెప్పుకోవడమే మానేశాం, ఎందుకంటే అలా పరిగెత్తిన ఇళ్ళల్లో చాలావాటిలో ఎవరూ చచ్చిపోలేదు.

ఇంటికొచ్చి కవిత తీసేశాను. అప్పటికే అది ఎక్కడెక్కడికో పోయింది, పేరు ఊడిపోయి, చివర్లో ఇంకెవరివో రెండు ముక్కలు అతుక్కుని, జూన్‌లో మా ఆడపడుచు రాజమండ్రి నుంచి "చూడు వదినా, ఎంత బాగా రాశారో" అని నాకే పంపింది. ఆ కుర్రాడికి ఫోన్ చేయడానికి నాకు ఆగస్టు దాకా పట్టింది. క్షమించమని అడిగితే, "పర్లేదు మేడమ్, ఆ గ్రూపులో రోజుకి రెండొందల గుడ్ మార్నింగులు, ఫోన్ తేలికపడింది" అన్నాడు. అతను నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

స్టీల్ ప్లాంటు నోటు పుస్తకాలు అటక ఎక్కాయి, అప్పట్నుంచీ 1942 పట్టుకుని వేలాడుతున్నాను. చదివినకొద్దీ, ఇంత జరిగితే మా చిన్నప్పుడు స్కూల్లో ఒక్కరూ ఎందుకు చెప్పలేదా అనిపించింది (ఇప్పుడు నేను చెప్తున్నానా అంటే, అదీ లేదు, నాది లెక్కల క్లాసు). ఆ ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, మార్చిలో రంగూన్. మన వైపు పల్లెల్లో రంగూన్‌ని రంగం అనేవాళ్ళు, "రంగం పోయాడు" అంటే కూలికో, బియ్యం మిల్లుకో సముద్రం దాటి వెళ్ళాడని. బర్మా పడిపోయాక అలా వెళ్ళినవాళ్ళు వేల మంది కొండలూ అడవులూ పట్టి నడిచి, దొరికినవాళ్ళు ఓడలెక్కి, తిరిగొచ్చారు. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే జపాన్ విమానవాహక ఓడ మీంచి లేచిన విమానాలు మన రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన పోర్టు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్ళిపోయింది, యుద్ధం అయ్యాకే తిరిగొచ్చింది. అప్పటి పత్రికల మీద సెన్సారు, ఎక్కడ పడిందో ఏం పడిందో వివరంగా రాయనిచ్చేవారు కాదు. అందుకే కాగితాల్లో వెతికితే ఓడల పేర్లు దొరుకుతాయి, అన్నంలో మట్టి దొరకదు.

పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. సెప్టెంబరులో మా ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. "మేడమ్, ఇది ఇప్పుడు పేలుద్దా?" అని అడిగారు, పేలదన్నాను, అయితే సెల్ఫీ అన్నారు. వాళ్ళని ఏమనగలం. ఆ బాంబు పక్కన ఒక లాంతరు గ్లాసు పెట్టి ఉంటే ఏమడిగేవారో అని నాకు వచ్చే దారంతా అదే ఆలోచన.

బీచ్ రోడ్డు అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను, తప్పుగా అనుకోకండి. నేను నేవీ మీద సణుగుతున్నానని ఎవరైనా అనుకుంటే, మా చిన్నాన్న డాక్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు, మా ఇంట్లో డిసెంబరు 4, నేవీ డే, పండగే. కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేసినప్పుడు మొదటి నెలలోనే వెళ్ళి చూశాం, మా వాడు లోపల వంగి వంగి నడుస్తూ "ఇంతమంది ఇందులో ఎలా పడుకునేవారు" అని అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ ఇష్టం. దానికెదురుగా 2017 నుంచి నేవీ వాళ్ళ టీయూ-142 విమానం ఉంది. ఆ పక్కనే సీ హారియర్ యుద్ధవిమానం. కాస్త ఇటొస్తే 1971 గెలుపుకి గుర్తుగా విక్టరీ ఎట్ సీ స్తూపం. అన్నీ ఉండాల్సినవే. ఈ ఏడాది మొదలవడమే జనవరి 4న ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలతో మొదలైంది, వచ్చే ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ మన ఊళ్ళోనే, 2016 తర్వాత మళ్ళీ. దేశదేశాల ఓడలొస్తాయి, ఊరికి రంగులేస్తారు, నేనూ గట్టు మీద నిలబడి చూస్తాను. నా బాధల్లా, ఆ రోడ్డు పొడుగునా యుద్ధం ఎలా చేశామో ఉంది, యుద్ధం వస్తే ఊరు ఏమైపోయిందో ఒక్క గజం చోటులో కూడా లేదు.

నిజానికి ఈ విషయంలో మన రాతగాళ్ళ కంటే నేవీ వాళ్ళే నయం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది, తొంభై మందికి పైగా నావికులతో. ఆ రాత్రి చప్పుడుకి కిటికీ అద్దాలు గడగడలాడాయని చిన్నాన్న ఇప్పటికీ చెప్తాడు. అది ఇంకా అక్కడే ఉంది, మన సముద్రం అడుగున. ఇంకొకటి కూడా ఉంది, 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాన్ జలాంతర్గామి, ఆర్‌ఓ-110. ఈమధ్య నేవీ వాళ్ళు ఘాజీ ఆచూకీ పట్టుకున్నప్పుడు దాన్ని ముట్టుకోలేదు, అందులో పోయినవాళ్ళకి గౌరవంగా అలాగే వదిలేశామన్నారు. శత్రువు శవాల్ని కదపకూడదని యుద్ధం చేసేవాడికి తెలుసు. ఆ మాట పేపర్లో చదివిన నేను, కొంపలో కూర్చుని చావు పిలుపులు రాశాను.

పౌర గ్రంథాలయంలో మన సభ అంటే శ్రీశ్రీ పుట్టిన ఊరు, రావిశాస్త్రి తిరిగిన ఊరు అనకుండా మొదలవదు. బాగానే ఉంది, నేనూ అంటాను. అయితే ఆ ఇద్దరి ఊళ్ళో ఒక కుర్రాడు ఒక ప్రశ్న అడిగితే అరగంటలో బయటికి పంపేశాం. శాంతి మీద కవి సమ్మేళనం పెడితే మాత్రం మైకు దగ్గర తోసుకుంటాం. పావురం వస్తుంది, బుద్ధుడు వస్తాడు, బౌద్ధుల తొట్లకొండ ఎలాగూ పక్కనే ఉంది కదా, పోర్టు పక్కన మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఎలాగూ ఉన్నాయి కదా, అవన్నీ నిజమే, నాకూ ఆ మూడు కొండలు చూస్తే మనసు చల్లబడుతుంది, కానీ వాటిని ఎన్నిసార్లు వాడేశామంటే ఇంక వాటిలో పిప్పే మిగిలింది.

మనకి శాంతి ఎందుకు కావాలో చెప్పడానికి కొండెక్కక్కర్లేదు, జాలరిపేటకి వెళ్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో వేట గిట్టక గుజరాత్ వేరావల్ దాకా వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసే మత్స్యకారులు ఎందరో. 2018 నవంబరులో వాళ్ళలో కొందరిని, నీళ్ళ మీద గీత దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు. మన వైపు వాళ్ళు 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. పద్నాలుగు నెలలు. నా పుస్తకంలో ఒక కథ ఆ పద్నాలుగు నెలల గురించే, జైల్లో ఉన్నవాళ్ళ గురించి కాదు, ఇక్కడ ఎండుచేపలు అమ్ముకుంటూ బ్యాంకు వాడికీ, సావుకారుకీ "ఆడొస్తాడు, వచ్చాక కడతాం" అని చెప్తూ గడిపిన ఆడవాళ్ళ గురించి. రెండు దేశాలూ గుడ్లురుముకున్న ప్రతిసారీ ఆ జైలు తలుపు ఇంకో ఏడాది వెనక్కి జరుగుతుంది.

మర్చంట్ నేవీలో ఉన్న పిల్లలు మన ఊళ్ళో ఎంతమందో మీకు తెలుసు, వీధికొకడు. 2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి యెమెన్ తిరుగుబాటుదారులు హూతీల మిసైల్ తగిలి మంటలు లేచాయి. లోపల 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. కబురందుకుని వెళ్ళి ఆ మంటలు ఆర్పిన మన యుద్ధనౌక పేరేంటో తెలుసా, ఐఎన్ఎస్ విశాఖపట్నం. నాకు ఇప్పటిదాకా మన ఊరి పేరు అంత అందంగా ఎక్కడా వినపడలేదు. ఎందుకో దాని మీద ఎవరూ కవిత రాయలేదు, నేనూ రాయలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. నాకు స్తూపం వద్దు, విగ్రహం అసలే వద్దు బాబోయ్, బీచ్ రోడ్డులో ఇప్పటికే మనుషుల కంటే విగ్రహాలెక్కువ. ఏటా ఏప్రిల్ 6న ఒక మధ్యాహ్నం కావాలి. గ్రంథాలయంలో కింద గది అయినా సరే, ఫ్యాన్లు తిరిగితే చాలు. 1942 చూసినవాళ్ళు ఎవరున్నారో వాళ్ళని పిల్లలు చేయి పట్టుకుని తీసుకొస్తారు, ఓపిక లేనివాళ్ళ దగ్గరికి ముందే మనమే వెళ్ళి ఫోన్లో రికార్డు చేసుకొస్తాం. వేదిక వద్దు, శాలువాలు వద్దు, ముఖ్య అతిథి వద్దు, అధ్యక్షుల తొలిపలుకు అసలే వద్దు (క్షమించాలి, గత ఏడాది ఒక సభలో తొలిపలుకు గంటా పది నిమిషాలు నడిచింది, నేను గడియారం పెట్టి చూశాను). వాళ్ళు చెప్తారు, మనం వింటాం, స్కూలు పిల్లలు రాసుకుంటారు. 1971లో కిటికీలకి నల్లకాగితం అంటించినవాళ్ళు, 2022లో ఉక్రెయిన్ నుంచి సూట్‌కేసు వదిలేసి సరిహద్దు దాకా నడిచిన మెడిసిన్ పిల్లలు, వీళ్ళూ రావచ్చు, ఎవరినీ వద్దనం. రికార్డు చేసినవన్నీ ఒక అలమరలో, కంప్యూటర్లో, ఎవరడిగినా వినడానికి దొరికేలా పెట్టాలి. ఇది గ్రంథాలయం పని కాదని అంటారేమో, మాటల్ని పుస్తకంలో కుట్టాకే తీసుకుంటాం అంటే అప్పటికి చెప్పేవాళ్ళుండరు. 1942లో ఆరేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు ఎంతో మీరే లెక్కేయండి. నేను పదేళ్ళుగా రాస్తున్నాను, మామ్మ నా ఇంటి కిందే పదేళ్ళుగా ఉంది, ఒక్కసారి అడగలేదు. నా తప్పు మీరు చేయకండి.

ఖర్చు గురించి: టీ, బిస్కెట్లు నేను చూసుకుంటాను. 280 పుస్తకాలు అమ్ముడుపోతే ఇంకా గొప్పగా చూసుకుంటాను.

సాహిత్య సంఘాల వారికి ఇంకో చిన్న మాట. మళ్ళీ అలాంటి రోజులొస్తే, రాకూడదనే కోరుకుందాం, వస్తే మాత్రం, ప్రశ్న అడిగినవాడిని గ్రూపులోంచి తీసేయకండి. తిట్టండి, వాదించండి, కావాలంటే రాత్రంతా వాదించండి, ఉండనివ్వండి. ఆ కుర్రాడు ఇప్పుడు నా నవల రాతప్రతి చదివి తప్పులు చెప్తున్నాడు. మూడో అధ్యాయంలో సైరన్ ఎక్కువైంది మేడమ్, తగ్గించండి అన్నాడు, తగ్గించాను.

వచ్చే ఏడాది డైరీ కొన్నాను, మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. నవల పన్నెండు అధ్యాయాలు అనుకుంటే అయిదయ్యాయి. వేసవి సెలవుల్లో అయిపోతుందని ఆశ. గాజాలో అక్టోబరులో ఆగిన కాల్పులు ఆగినట్టే ఉండాలని, ఉక్రెయిన్‌లో వచ్చే ఫిబ్రవరికి నాలుగేళ్ళు నిండే ఆ యుద్ధం అయిదో ఏట పడకూడదని, వేరావల్ నుంచి మనవాళ్ళు ఏటా పండక్కి ఇంటికి రావాలని కూడా ఆశ. ఇవి నా చేతిలో లేవని తెలుసు. నా చేతిలో ఉన్నది ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, కింద వాటాలో ఒక మామ్మ. మీ చేతిలో ఒక గది ఉంది.

మొన్న క్రిస్మస్ రోజు మామ్మని అడిగాను, ఆ గ్లాసు ఏమైంది అని. ఇంటికొచ్చాక మళ్ళీ లాంతరుకే బిగించారట, కరెంటు వచ్చేదాకా వాడారట, తర్వాత ఎక్కడ పోయిందో తెలీదట. "పగల్లేదు గానీ" అంది.

మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జనవరి రెండో ఆదివారం నుంచి నేనూ ఆ కుర్రాడూ రికార్డింగు మొదలుపెడుతున్నాం, మొదటి ఇల్లు మామ్మదే. మీలో ఎవరైనా వస్తానంటే సాయంత్రం నాలుగు దాటాక రండి. అంతకుముందు ఆవిడ నిద్రపోతుంది. లిఫ్టు పనిచేయడం లేదు గానీ, ఇల్లు గ్రౌండ్ ఫ్లోరే.